చేతివేళ్ళు - బాలల తొలి గణితము

తెలుగులో వేలు అను మాటకు రెండర్థములు కలవు. చేతికి ఉండునది ఒకటి. వేయికి బహువచనముగా వచ్చునది మరొకటి. నిఘంటువులో ఇవి వేర్వేరు మాటలు. కాని మన నిజామాబాదు జిల్లా కమ్మర్‌పల్లి ప్రాంతములో, ఇంటి అరుగు మీద చాట ముందు పెట్టుకొని కూర్చున్న స్త్రీని చూచినప్పుడు ఈ రెండు మాటలూ ఒకటేనేమో అనిపిస్తుంది. తునికాకును కత్తిరించి, పొగాకు వేసి, వేళ్ళతో చుట్టి, దారము కట్టి, 25 బీడీలను ఒక కట్టగా చేసి, 40 కట్టలైతే వేయి అని ఆమె లెక్క చెప్పుకొంటుంది. కూలి వేయికి ఇంత అని కదా! ఆ ఇంటిలో పెరిగే బిడ్డకు లెక్క అనునది బడికి పోకముందే తల్లి వేళ్ళ చివర కనబడుతుంది.

మరి ఆ వేళ్ళలో కొన్ని పుట్టుకతోనే లేని బిడ్డకు, లేక ప్రమాదములో పోయిన బిడ్డకు, లెక్క ఎక్కడ కనబడవలెను? ఈ వ్యాసములో మేము విచారించదలచినది ఈ ఒక్క ప్రశ్ననే. ఇది వైద్యులకు మాత్రమే సంబంధించిన విషయమని పాఠకులు పుట తిప్పివేయరాదని కోరుతున్నాము. మన విద్యార్థులలో చాలామంది రేపు బడిపంతుళ్ళు కాబోవువారే. ఆ ప్రశ్న వారి తరగతి గదిలోనే, రెండవ వరుసలోనో మూడవ వరుసలోనో, చేయి దాచుకొని కూర్చుని ఉంటుంది.

మాకు ఈ ప్రశ్న తగిలిన విధము చెప్పెదము. గత సంవత్సరము కొందరు విద్యార్థులతో కలిసి కమ్మర్‌పల్లి సమీపమున ఒక గ్రామములో సేవా శిబిరము నడిపినాము. చిన్న తరగతుల పిల్లల గణిత పరిజ్ఞానము తెలుసుకొనుటకు మా విద్యార్థులే ఒక ప్రశ్నపత్రము తయారు చేసినారు. అందులో మొదటి ప్రశ్న మిక్కిలి సులభమైనదని అందరమూ అనుకొన్నాము: “నీ రెండు చేతులకు కలిపి ఎన్ని వేళ్ళు?” రెండవ తరగతి చదివే ఏడేండ్ల బాలిక ఒకతె “6” అని వ్రాసినది. మా విద్యార్థి ఎర్ర సిరాతో తప్పు గుర్తు పెట్టినాడు. తరువాతి కూడికలలో జవాబు ఐదు దాటని వాటిని ఆమె సరిగా చేసినది; దాటిన వాటిని ఖాళీగా విడిచినది. పత్రములను మేమును చూచినాము. చూచి సంతకము పెట్టినాము.

సాయంకాలము ఇంటింటికి వెళ్ళినప్పుడు గాని సంగతి తెలియలేదు. ఆ బాలిక ఎడమచేతికి బొటనవేలు ఒక్కటే పూర్తిగా ఉన్నది. తక్కిన నాలుగు వేళ్ళ చోట చిన్న చిన్న బుడిపెలు మాత్రమే ఉన్నవి. బడిలో ఉన్నంతసేపు ఆ చేయి చున్నీ కొంగు క్రింద ఉండుటచేత మాలో ఎవరమూ గమనించలేదు. కుడిచేతివి ఐదు, ఎడమచేతిది ఒకటి, వెరసి ఆరు. ఆమె జవాబులో తప్పు లేదు. తప్పు మా ప్రశ్నలో ఉన్నది, మా ఎర్ర సిరాలో ఉన్నది.

తల్లి మాతో అన్నది: “దానికి లెక్కలెట్ల వస్తయి సారూ, చెయ్యే సక్కగ లేకపాయె.” అంటూనే చుట్టిన కట్టలను పక్కకు నెట్టి, “ఎన్నున్నయే బిడ్డా?” అని అడిగినది. బిడ్డ తేరిపార చూచి, “మూడు కట్టలు, పైన నాలుగు. డెబ్బయి తొమ్మిది” అన్నది. మేము ఆశ్చర్యపడి ఎట్లు చెప్పినావమ్మా అని అడిగితే, ఒక్కొక్క కట్టను ముట్టి “చారాణ, ఆఠాణ, బారాణ” అని చూపినది. నాలుగవ కట్ట ఉంటే రూపాయి, అనగా నూరు! చారాణ నాణెము 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినది. ఆ బిడ్డ దానిని ఎన్నడూ చేతితో ముట్టి ఉండదు. నాయనమ్మ నోటి నుండి మాట మాత్రము నేర్చి, ఆ మాటతో ఇరవై ఐదుల ఎక్కము తనకు తానే కట్టుకొన్నది. చిన్నపిల్లలను బీడీ పనిలో పెట్టరాదని చట్టము చెబుతున్నది. మేమును అదే చెబుతాము. ఆమె బీడీలు చుట్టుట లేదు, కట్టలు లెక్కించుటయే చూచినాము. ఇక్కడ మేము పొగడునది ఆ పనిని కాదు, ఆ బుద్ధిని.

డెబ్బయి తొమ్మిది లెక్కించిన బిడ్డ ఏడును ఐదును కూడలేక ఖాళీ ఎందుకు విడిచినది? ఈ చిక్కు విప్పుటకు వేళ్ళకును లెక్కకును గల సంబంధమును కొంత విపులముగా చూడవలసి ఉన్నది.

లెక్కించుట అనగా ఒకటి, రెండు, మూడు అని వల్లించుట మాత్రమే కాదు. ఒక్కొక్క వస్తువునకు ఒక్కొక్క మాట చొప్పున జతపరచవలెను. ఒకదానిని విడువరాదు, రెండు సార్లు ముట్టరాదు. మాటల వరుస ఎప్పుడూ ఒకటిగానే ఉండవలెను. చివర పలికిన మాటయే మొత్తము యొక్క సంఖ్య అని గ్రహించవలెను. రోషెల్ గెల్మన్, గాలిస్టెల్ అను పండితులు 1978లో వెలువరించిన గ్రంథములో ఈ సూత్రములను వివరించినారు. చేతివేళ్ళు ఈ పనులన్నిటికీ ఎంత అనుకూలమైనవో చూడుడు: అవి వరుసగా ఉన్నవి, ఎక్కడికీ దొరలిపోవు, మడిచినది మడిచినట్లే ఉంటుంది, కంటికి కనబడుతుంది, చర్మమునకు తెలుస్తుంది. అన్నిటికంటె మించి ఎప్పుడూ వెంటనే ఉంటాయి. పలక ఇంటివద్ద మరచిపోవచ్చును గాని చేయి మరచిపోము గదా!

కాననే లోకములో చాల జాతులలో లెక్క చేతి దగ్గరనే మొదలైనది. ఇంగ్లీషులో అంకెకు వాడు డిజిట్ అను మాటకు మూలమైన లాటిను పదమునకు వేలు అని అర్థము. మన దేశములో వేళ్ళను మాత్రమే కాక వేళ్ళ కణుపులను లెక్కించుట వాడుక. బొటనవేలితో తక్కిన నాలుగు వేళ్ళ భాగములను మూడేసి చొప్పున ముట్టుకొంటూ పోతే ఒక చేతిలోనే 12 లెక్క వస్తుంది. రెండవ చేతి ఐదు వేళ్ళతో ఆ పన్నెండ్లను గుర్తుంచుకొంటే 60 వరకు పోవచ్చును. సంతలో ధాన్యము కొలిచే పెద్దమనిషి ఇట్లే లెక్కించేవాడు. జపము చేయు తాతగారును, నమాజు పిమ్మట తస్బీహ్ చదువు దాదీమాయును తమ తమ సంఖ్యలను ఈ కణుపుల మీదనే నిలుపుకొంటారు. 10వ శతాబ్దమున బాగ్దాదులో ఉండిన అబుల్ వఫా అల్ బూజ్‌జానీ అను గణితవేత్త రాతగాండ్ర కొరకు, వ్యాపారుల కొరకు ఒక గణిత గ్రంథము రచించినాడు. హిందూ దేశపు అంకెలు తెలిసియుండియు ఆ గ్రంథములో వాటిని వాడక, మనసులోను వేళ్ళ మీదను చేయు లెక్కనే బోధించినాడు. వేళ్ళ మీద లెక్కించుట మొద్దుల లక్షణమని తలచే మన పంతుళ్ళు ఈ సంగతి తెలుసుకొనదగినది.

ఈ సందర్భములో ఒక మాట. బడులలో “వేళ్ళు దించు, మనసులో చెప్పు” అని పిల్లలను గద్దించుట ఇంకను ఉన్నది. ఇటీవలి పరిశోధనలు దీనిని సమర్థించుట లేదు. అమెరికాలో నాన్సీ జోర్డన్, ఆమె సహచరులు బాలవాడి నుండి రెండవ తరగతి వరకు పిల్లలను గమనించి 2008లో ప్రకటించిన ఫలితము ఇది: మొదట్లో వేళ్ళు వాడు పిల్లలే లెక్కలలో మెరుగుగా ఉన్నారు, ఏండ్లు గడచినకొలది ఆ సంబంధము తగ్గిపోయినది. అనగా వేళ్ళు నిచ్చెన వంటివి. ఎక్కకముందే తీసివేయరాదు, ఎక్కిన తరువాత అవి తామే వెనుకబడతాయి. స్విట్జర్లాండులోని లోజాన్ విశ్వవిద్యాలయమున కాథరీన్ తెవెనో బృందము 2024లో మరింత తేటగా చూపినది. వేళ్ళ మీద లెక్కించుట తెలియని ఐదారేండ్ల పిల్లలకు ఆ పద్ధతిని నేర్పగా, వారి కూడికలలో సరియైన జవాబులు 37 శాతము నుండి 77 శాతమునకు పెరిగినవి.

మెదడు సంగతి కూడ కొంత చెప్పవలెను. 1924లో వియన్నా నగరపు వైద్యుడు యోసెఫ్ గెర్స్ట్‌మన్ తన వేళ్ళను తానే గుర్తించలేని ఒక రోగి స్థితిని వర్ణించినాడు. వేళ్ళను గుర్తించలేకపోవుట, లెక్క చేయలేకపోవుట, వ్రాయలేకపోవుట, కుడి ఎడమల తడబాటు, ఈ నాలుగూ కలిసి కనబడుటను నేటికీ ఆయన పేరుతోనే పిలుస్తున్నారు. ఎడమవైపు మెదడులో ఒకే చోట దెబ్బ తగిలినప్పుడు ఇవి కలిసి రావచ్చును. 2015లో బెర్తెలెత్తి, బూత్ అను ఇరువురు, పిల్లలు తీసివేతలు చేయునప్పుడు వేళ్ళు కదల్చకున్నను మెదడులో వేళ్ళ స్పర్శకు సంబంధించిన భాగము పనిచేయుటను చూపినారు. వేళ్ళు దించినా మెదడులో దిగలేదన్నమాట.

ఇంతవరకు చదివిన పాఠకుడు, అట్లయితే ఆ బాలిక తల్లి చెప్పినదే నిజము కదా, వేళ్ళు లేనివారికి లెక్క ఎట్లు వస్తుంది, అని అనవచ్చును. మేమును మొదట అట్లే భయపడినాము. కాని పై పరిశోధనలన్నియు పదివేళ్ళు గల పిల్లల మీద చేసినవే. పదివేళ్ళు ఉన్నవాడు వాటిని వాడకపోవుట వేరు. లేనివాడు మరొక దారి వెదకుకొనుట వేరు. మొదటిదానిని కొలిచిన కొలబద్దతో రెండవదానిని కొలువరాదు.

ఆ మరొక దారికి సాక్ష్యములు ఉన్నవి. వర్జినీ క్రొలెన్, ఆమె సహచరులు 2011లో పుట్టుగ్రుడ్డి పిల్లలను పరిశీలించినారు. ఆ పిల్లలకు వేళ్ళు ఉన్నవి. కాని చూపు ఉన్న పిల్లల వలె వేళ్ళను తమంతట తాము లెక్కకు వాడుట చాల తక్కువ. అయినను లెక్కించుటలో వెనుకబడలేదు. కనుక వేళ్ళు మంచి ద్వారమే గాని ఒకే ద్వారము కాదు. పాపువా న్యూగినీ దేశములోని ఒక్సాప్‌మిన్ జనులు ఒక చేతి బొటనవేలితో మొదలుపెట్టి మణికట్టు, మోచేయి, భుజము, చెవి, కన్ను, ముక్కు మీదుగా రెండవ చేతి చిటికెన వేలి వరకు 27 చోట్లను లెక్కకు వాడుతారు. వారిలో ఒకనికి రెండు వేళ్ళు తక్కువైనంత మాత్రమున లెక్క అంతా ఆగిపోదు కదా!

అన్నిటికంటె ఆశ్చర్యకరమైనది జర్మనీ వైద్యుడు క్లౌస్ పోక్ 1964లో ప్రకటించిన వృత్తాంతము. పదకొండేండ్ల బాలికకు పుట్టుకతోనే రెండు ముంజేతులూ, అరచేతులూ లేవు. అయినను తనకు చేతులున్నట్లే ఆమెకు తోచేది. బడిలో చేరిన తొలి ఏండ్లలో ఆమె ఆ కనబడని చేతులను బల్ల మీద ఉంచినట్లు భావించి, చాచిన వేళ్ళను ఒక్కొక్కటిగా లెక్కించి, కూడికలు నేర్చుకొన్నది. ఎన్నడూ లేని వేళ్ళ మీద లెక్క! ఇక చేతులు లేక పాదములతో చిత్రములు గీయు ఇద్దరు కళాకారుల మెదడును పరిశీలించి 2019లో లండనులోని శాస్త్రజ్ఞులు, సాధారణముగా మనుషులలో కనబడని విధముగా వారి మెదడులో ఒక్కొక్క కాలివేలికి ఒక్కొక్క చోటు ఏర్పడి ఉన్నదని కనుగొన్నారు. వాడినదానికి మెదడు చోటిస్తుంది.

పోక్ వ్రాసిన బాలికను గురించి చదివిన తరువాతనే మాకు బోధన్ వైపున చూచిన ఒక బాలుడు జ్ఞాపకమునకు వచ్చినాడు. అతడు ఉర్దూ మాధ్యమములో చదువుతున్నాడు. ఆరేండ్ల వయస్సున పశువులకు గడ్డి కత్తిరించు యంత్రములో కుడిచేతి మధ్యవేలు, ఉంగరపు వేలు పోయినవి. బోధన్‌లో 1937లో స్థాపితమైన నిజాం చక్కెర కర్మాగారము 2015లో మూతపడినది గాని, చెరుకు గానుగలు, గడ్డి యంత్రములు పల్లెలలో ఉన్నవి. వాటి ప్రక్కన పిల్లలు ఆడుకొనుటయు ఉన్నది. ఆ బాలుడు పది వరకు లెక్కించునప్పుడు ఎడమచేతి చూపుడువేలితో కుడిచేతి వేళ్ళను ముట్టుకొంటూ, వేళ్ళు పోయిన రెండు చోట్లను కూడ తాకి లెక్కలో వేసుకొనేవాడు. “ఖాళీ జాగాను లెక్కపెట్టకు” అని అతనికి చెప్పినారట. మా అభిప్రాయములో అట్లు చెప్పుట పొరపాటు. అతని లెక్క తప్పలేదు. పదికి పదే వచ్చినది. వేలు పోయినది గాని వేలి స్థానము పోలేదు.

ఇక్కడ ఈ ఇద్దరు పిల్లల మధ్య భేదము గమనింపదగినది. బాలునికి ఐదు, పది అను ఆకారములు చేతిలో ఒకప్పుడు ఉన్నవి; అవి మనసులో నిలిచి ఉన్నవి. బాలికకు ఎడమచేతిలో ఐదు ఎన్నడూ లేదు. తక్కిన పిల్లలు ఏడు అనగానే ఒక చేయి నిండుగా, రెండవ చేతి నుండి రెండు వేళ్ళు చూపుతారు. ఆమెకు ఏడు అనునది చేతిలో పట్టదు. ఆరుతో చేయి అయిపోతుంది. కట్టలలో ఇరవై ఐదు తెలుసు, విడి బీడీలలో నాలుగు తెలుసు. నడుమనున్న ఐదు నుండి పదిహేను వరకు గల సీమయే ఆమెకు చీకటిగా ఉన్నది. ఖాళీ విడిచిన కూడికలన్నీ ఆ సీమలోనివే. ఇది బుద్ధిలోపము కాదు. వంతెనలో ఒక పలక లేదు, అంతే.

భాష కూడ ఈ విషయములో పాలు పంచుకొంటున్నది. రెండు భాషల వారు చదువుకొనే మన కళాశాలలో దీనిని చెప్పుట అవసరము. తెలుగులో ఇరవై దాటితే సంఖ్య పేరు తనను తానే విప్పి చెబుతుంది: ఇరవై ఒకటి, ఇరవై రెండు, ముప్పై తొమ్మిది. ఉర్దూలో ఇక్కీస్, బాయీస్, ఇకత్తీస్, బత్తీస్ అని ప్రతి సంఖ్యకు పేరు మారిపోతుంది. 29 ఉన్తీస్, అనగా ముప్పదికి ఒకటి తక్కువ. 39 ఉన్తాలీస్, 49 ఉన్చాస్. ఇట్లే 79 వరకు పోయి, 89 వద్దకు వచ్చేసరికి నవాసీ, 99కి నిన్యానవే అని ఆ పద్ధతియు మారుతుంది. తీయని భాషయే, కాని పసివాడు నూరు వరకు రమారమి నూరు మాటలు విడివిడిగా కంఠస్థము చేయవలెను. మాటలో పది కనబడనప్పుడు కంటి ముందు పది కనబడవలసిన అవసరము ఎక్కువ. కనుక ఉర్దూ మాధ్యమములో చదివే, వేళ్ళు తక్కువైన బిడ్డకు పుల్లల కట్టలు, పూసల చట్రము ముందుగా చేరవలెను.

ఇక ఏమి చేయవచ్చును? శిబిరము మిగిలిన రోజులలో మేము చేసినది స్వల్పమే. చింతగింజలను ఐదేసి చొప్పున రెండు వరుసలు పేర్చుటకు అట్టముక్కల మీద పది గళ్ళు గీసినాము. ఏడు అనగా పై వరుస నిండుగా, క్రింద రెండు. పన్నెండు అనగా ఒక అట్ట నిండి, రెండవ దానిలో రెండు. ఆ బాలికకు మేము అడిగిన మొదటి కూడిక ఏడును ఐదును. ఆమె ఐదు గింజలలో మూడింటిని తీసి మొదటి అట్టలోని ఖాళీ గళ్ళు నింపి, మిగిలిన రెండింటిని చూచి పన్నెండు అన్నది. ఎవరూ నేర్పలేదు. ఆ మరునాడు తానే ఒక మాట చెప్పినది: ఐదు అట్టల పై వరుసలు కలిపితే ఒక కట్ట అవుతుందట! వంతెనలో లేని పలకను ఆమెయే తెచ్చి వేసుకొన్నది.

ఒక్క జాగ్రత్త మాత్రము అవసరమని అనుభవము మీద చెబుతున్నాము. మొదటి రోజున అట్టలు, గింజలు ఆమెకు ఒక్కతెకే ఇచ్చినాము. ఆమె వాటిని ముట్టలేదు. రెండవ రోజున తరగతి అంతటికీ పంచినాము, అప్పుడు ముట్టినది. పదివేళ్ళు గల పిల్లలకును ఆ అట్టల వలన మేలే గాని కీడు లేదు. చెరుకు గడ మీద కణుపులకు సున్నముతో అంకెలు వేసి సంఖ్యారేఖగా చూపవచ్చునని మా విద్యార్థి ఒకడు సూచించినాడు. వేలికీ కణుపే, చెరుకుకూ కణుపే కనుక సూచన బాగున్నది. అయితే పాఠము ముగియకముందే రేఖ పిల్లల నోటిలోనికి పోవుట తప్పదని జొన్నకట్టెతో సరిపెట్టినాము.

కొలతల పాఠము మరొక చిక్కు. జాన, బెత్తెడు, మూర అని చేతితో కొలుచుట చిన్న తరగతులలో నేర్పుతాము. బెత్తెడు అనగా నాలుగు వేళ్ళ వెడల్పు; ఆమె ఎడమచేతికి అది లేదు. కుడిచేతితో కొలువుమంటే సరిపోతుంది గాని, ఈ చోట పంతులు కొంచెము తెలివిగా ఉంటే పాఠమే మారుతుంది. నీ జాన ఎంత, నా జాన ఎంత, ఇద్దరివీ ఎందుకు కలియవు, అందరికీ ఒకే కొలబద్ద ఎందుకు కావలసి వచ్చినది? సెంటీమీటరు పుట్టుక ఆ ప్రశ్నలోనే ఉన్నది.

ఇంతవరకు చెప్పినది లెక్క సంగతి. దానికంటె కష్టమైనది చున్నీ కొంగు సంగతి. ఆ బాలికను, “ఆ బుడిపెలు కూడ లెక్కకు పనికి వస్తాయి కదమ్మా, వాటినీ ముట్టి లెక్కించవచ్చును గదా” అని అడిగినాము. చాలసేపు ఊరకున్నది. “వస్తయి సారూ, ఇంట్ల గట్లనే చేస్త. బడిల చూపియ్య” అన్నది. అనగా ఇంటిలో ఆమెకు పదివేళ్ళ లెక్క ఉన్నది. బడిలో ఆరు మాత్రమే. మిగిలిన నాలుగింటిని బడియే తీసివేసినది.

ఎందుకు చూపదు? పొరుగువారు ఏమనుకొందురో ఆమెకు తెలుసు. గ్రహణమునాడు తల్లి కత్తిపీట ముట్టినదట, అందుకే బిడ్డకు ఇట్లయినదట. ఈ మాట హిందువుల ఇండ్లలోను ముస్లిముల ఇండ్లలోను సమానముగా వినబడుతున్నది! గర్భములో శిశువు చేయి మొలకెత్తునది సుమారు నాలుగవ వారమున. వేళ్ళు విడివడునది ఎనిమిదవ వారములోపున. గర్భము నిలిచినదని తల్లికే తెలియని దినములవి. కొన్నిటికి జన్యు కారణము ఉంటుంది, కొన్నిటికి రక్తప్రసరణలో లోపము. కత్తిపీట కారణము కాదు. కొందరికి మరొక భయము కలదు. వేళ్ళు లేని చేయి అనగానే మన జిల్లా పెద్దలకు కుష్ఠువ్యాధి జ్ఞాపకము వస్తుంది. డిచ్‌పల్లిలో డాక్టరు ఇసబెల్ కెర్ కృషితో, రాజా నర్సాగౌడ్ విరాళముతో 1915లో వెలసిన కుష్ఠు వైద్యశాల పేరు వినని ఇల్లు ఈ ప్రాంతమున అరుదు. ఆ వ్యాధియే నేడు మందులతో నయమవుతున్నది. పుట్టుకతో వచ్చిన చేతి భేదమునకు దానితో ఏ సంబంధమూ లేదు, అంటునది అంతకంటె కాదు. ప్రక్కన కూర్చున్న పిల్లకు ఈ ఒక్క మాట ఎవరైనా చెప్పి ఉంటే కొంగు కొంత జరిగేదేమో.

చట్టము మాటకు వస్తే, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టము ప్రకారము బిడ్డ అవసరమునకు తగిన సదుపాయము కల్పించుట బడి బాధ్యత. మండలములలో భవిత కేంద్రములు ఉన్నవి. రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద వైద్య బృందములు బడులకు వచ్చి పుట్టుకతో వచ్చిన లోపములను గుర్తించవలెను. అతుక్కొన్న వేళ్ళ వంటి వాటికి చిన్న వయస్సులోనే శస్త్రచికిత్స మేలు చేస్తుంది. ఈ బాలిక చేతి వంటి వాటి విషయములో ఏమి చేయవలెనో, అసలు చేయవలెనో లేదో, నిపుణుడైన చేతి వైద్యుడే చెప్పవలెను. కాని కూడికలు నేర్చుటకు శస్త్రచికిత్స కొరకు వేచియుండ నక్కరలేదు.

కళాశాల కమిటీ పెద్దలకు మా మనవి రెండు మాటలలో చెప్పుకొంటాము. రాబోవు శిబిరమునకు వెళ్ళు విద్యార్థులు ప్రశ్నపత్రము వ్రాయుటకు ముందు రెండు రోజులు పిల్లలతో ఊరక ఆడుకొనుటకు అనుమతి ఇవ్వవలెను. మేము ఆ రెండు రోజులు గడపకపోవుటచేతనే ఆ ఎర్ర గుర్తు పడినది. రెండవది, పది గళ్ళ అట్టలు, పూసల చట్రములు ఒక్కొక్క బడికి తరగతికి సరిపడ తయారు చేయుటకు కొద్ది మొత్తము మంజూరు చేయవలెను. అట్టలు మన విద్యార్థులే కోస్తారు, చింతగింజలు కొననక్కరలేదు. సంఖ్యల పేర్లు అట్ట ఒకవైపు తెలుగులోను, మరొకవైపు ఉర్దూలోను వ్రాయుటకు రెండు విభాగముల వారును ఒప్పుకొన్నారు.

ఆ బాలిక జవాబు పత్రము మా వద్దనే ఉన్నది. శిబిరము ముగిసిన దినమున మా విద్యార్థి దానిని తీసికొని ఆమె ఇంటికి వెళ్ళినాడు. మొదటి ప్రశ్న వద్ద తప్పు గుర్తును కొట్టివేసి, సరియని గుర్తు వేసి, క్రింద తన సంతకము పెట్టినాడు. ఆమె పత్రమును తిప్పి చూచి, అతని చేతులను చూచి, “మీకెన్ని?” అని అడిగినది. పది అన్నాడు. “కణుపులు?” అన్నది. అతడు బొటనవేలితో ముట్టుకొంటూ లెక్కించసాగినాడు. ఆమె కొంగు క్రింది నుండి ఎడమచేయి తీసి, కుడిచేతి వేలితో ఒక్కొక్క బుడిపెను తాకుతూ తనవి తాను లెక్కించుకొన్నది.